పేరు ఒకరిది, పొలం ఒకరిది

నాయన పోయిన మరుసటి ఏడు పట్టాదారు పాసుపుస్తకం నా పేరు మీద వచ్చింది. మానవపాడులో ఆరెకరాల నల్లరేగడి. వారసత్వం కింద పేరు మార్చేటప్పుడు అమ్మా, చెల్లీ తమకు అభ్యంతరం లేదని సంతకాలు పెట్టారు. పుస్తకం చేతికొచ్చిన సాయంత్రం మేనత్తకు ఫోన్ చేసి చెప్పాను.

"మంచిది అల్లుడా. నావి రెండెకరాలు గూడ దాంట్లనే ఉన్నయ్ గద, పైలం," అంది.

బీరువాలో దాచమని ఇచ్చిన గాజుల గురించి అడిగినంత మామూలుగా అంది. ఆమెకు అందులో అనుమానం ఏమీ లేదు. అనుమానం నాకే వచ్చింది. ఎందుకంటే ఇంట్లో లా చదివినవాణ్ని నేనొక్కణ్నే. ఆ రెండెకరాలు ఆమెవని చెప్పే కాగితం ముక్క ఈ భూమ్మీద ఎక్కడా లేదని తెలిసినవాణ్నీ నేనే.

అత్త పెళ్లి 1978లో. అయిజ దగ్గరి ఊరికి ఇచ్చారు. పసుపు కుంకుమ కింద రైలుకట్ట వైపు రెండెకరాలు ఇస్తున్నానని తాత పెండ్లి పందిట్లో నలుగురి ముందు అన్నాడు. అన్నాడు, అంతే. పట్టా తాత పేరు మీదే ఉండిపోయింది. పెళ్లయిన పిల్ల ఇరవై కిలోమీటర్ల అవతలి నుంచి వచ్చి సేద్యం చేయలేదు కాబట్టి నాయనే దున్నాడు. తాత పోయాక పట్టా నాయన పేరు మీదికి మారింది. అత్తను ఎవరూ అడగలేదు. అడగాలని అత్తకూ తోచలేదు.

కానీ ప్రతి ఏడూ పత్తో మిరపో అమ్మిన వారంలోపు నాయన బండి మీద అయిజ వైపు పోయేవాడు. రెండెకరాల కౌలు పైసలు, ఒక సంచి జొన్నలు, ఒక చీర. మా ఇంట్లో వాటిని 'అత్త పైసలు' అనేవాళ్లం. నా కాలేజీ ఫీజుకు అప్పు కోసం తిరుగుతున్న రోజుల్లో కూడా అమ్మ ఆ కట్టను ముట్టలేదు. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి అలంపురం, మానవపాడు ప్రాంతమంతా మునిగిన ఏడు, "ఈసారి వద్దు తమ్ముడా" అని అత్తే కబురు పంపింది. నాయన జొన్నలు బదులు తెచ్చి ఇచ్చొచ్చాడు. ఎందుకంటే, "అది ఆమె పొలం. వరద మన పైసలను ముంచింది గాని ఆమె పైసలను మనం ముంచకూడదు," అన్నాడు. లెక్క ప్రకారం అందులో తర్కం లేదు. వరదకు ఆమె పొలం కూడా మునిగింది కదా.

*

నేను గచ్చిబౌలిలో విదేశీ లా కంపెనీల కోసం దస్తావేజులు చదివిపెట్టే ఉద్యోగం చేస్తాను. పాసుపుస్తకం వచ్చిన నెలలోనే ఒక ఫైలు వచ్చింది. వివరాలు చెప్పకూడదు, చెప్పనవసరం కూడా లేదు. ఒక ఫ్రెంచి కుటుంబం. తండ్రి బతికుండగా జెర్సీ దీవిలో పెట్టిన ట్రస్టు. ఆయన పోయాక పిల్లల మధ్య తగాదా. ఆ కాగితాల్లో పారిస్ వకీలు ఒక ప్రశ్న పదే పదే అడిగాడు: ఇంతకీ ఈ ఆస్తి ఎవరిది?

ఇంగ్లిషు వకీలు ఇచ్చే జవాబు ప్రతిసారీ ఒకటే: ధర్మకర్తది, లబ్ధిదారుడిది కూడా. పారిస్ వకీలుకు అది జవాబులా కనపడలేదు. ఒక ఆస్తికి ఇద్దరు యజమానులా? ఇద్దరూ భాగస్తులు కాదు, ఒకరికి అద్దెకిచ్చినదీ కాదు. ఇద్దరూ మొత్తానికి యజమానులు, చెరో రకంగా.

ఆ రాత్రి క్యాబులో ఇంటికి వస్తూ అనుకున్నాను, ఈ ప్రశ్న అతను నన్నే అడుగుతున్నాడని.

ఇంగ్లండులో ఇది ఎవరో కూర్చుని ఆలోచించి కనిపెట్టిన పద్ధతి కాదు. అక్కడ రాజుగారి కోర్టులు దస్తావేజులో ఎవరి పేరుంటే వాళ్లనే యజమాని అనేవి. స్నేహితుణ్ని నమ్మి, పెళ్లాం బిడ్డల కోసం చూసుకోమని పొలం అతని పేరున పెట్టిపోయినవాడి కుటుంబానికి ఆ కోర్టులో దిక్కు లేదు. వాళ్లు చాన్సలర్ దగ్గరికి పోయేవాళ్లు. ఆయన పొలం ఎవరిదని అడగడు. పేరున్నవాణ్ని పిలిపించి, నీ అంతరాత్మ ఏమంటోంది అని అడుగుతాడు. పేరు నీదే, కాదనను. కానీ మాట ఇచ్చావు కాబట్టి ఫలం వాళ్లకివ్వు, లేకపోతే జైల్లో కూర్చో. రెండు కోర్టులు కాబట్టి రెండు యాజమాన్యాలు పుట్టాయి. 1870లలో కోర్టులు రెండూ కలిసిపోయినా ఆ రెండు యాజమాన్యాలు మిగిలిపోయాయి.

ఫ్రాన్సు, ఇటలీ, జర్మనీ లాంటి చోట్ల ఈ రెండో కోర్టు లేదు. వాటిని సివిల్ లా దేశాలంటారు. క్రిమినల్‌కు ఎదురుగా వాడే సివిల్ కాదిది. రోమన్ చట్టం నుంచి పెరిగి, ఒక కోడ్‌గా రాసుకున్న సంప్రదాయం. 1804 నాటి ఫ్రెంచి సివిల్ కోడ్ 544వ అధికరణం ప్రకారం, వస్తువును అనుభవించడానికీ వదిలించుకోవడానికీ యజమానికి ఉండే హక్కు అత్యంత సంపూర్ణమైనది. సంపూర్ణం అన్నాక రెండో యజమానికి చోటెక్కడ?

మొదట ఇది మొండితనంలా కనిపించింది. తర్వాత మా నడిగడ్డ గుర్తొచ్చింది. ఫ్రెంచి విప్లవానికి ముందు అక్కడ ఒకే చెక్క మీద దొరకు ఒక హక్కు, చర్చికి ఒక హక్కు, దున్నేవాడికి మిగిలిన హక్కు. ఆ పొరలన్నీ చీల్చేసి, ఇదిగో ఇతను ఒక్కడే యజమాని అనడం కోసం జనం చచ్చారు. మన దగ్గర సంస్థానాలూ జాగీర్లూ ఇనాంలూ పొరలు పొరలుగా ఉన్న నేల మీద 1949లో జాగీర్లు రద్దయినప్పుడు, దున్నేవాడి పేరు కాగితం మీదికి ఎక్కడం ఎంత పెద్ద సంగతో మా తాత తరానికి తెలుసు. ఒక్క పేరు అనేది అన్నిసార్లూ ఆఫీసర్ల అతి కాదు. ఒక్కోసారి అదే విడుదల.

ఇంకో భయం అప్పులవాళ్ల గురించి. స్ట్రాస్‌బుర్గ్ ప్రొఫెసర్లు ఓబ్రీ, రో అనే ఇద్దరు 19వ శతాబ్దంలో చెప్పిన సూత్రం ఇది: ప్రతి మనిషికీ ఒకే ఆస్తిమూట. అతని ఆస్తులు, అప్పులు అన్నీ అందులోనే. అప్పిచ్చినవాడు ఆ మూట మొత్తాన్ని చూసి ఇస్తాడు. అందులో కొంత 'ఇది నాది కాదు, నా దగ్గర ఉందంతే' అంటే వాడు మోసపోడా? దానికి తోడు, తండ్రి ఆస్తిలో పిల్లలకు తప్పనిసరిగా ఇంత అని కోడ్ కాపాడిన వాటా ఉంది. ట్రస్టు పేరు చెప్పి తండ్రి దాన్ని ఎగ్గొట్టొచ్చు. నా ఫైలులోని తగాదా సరిగ్గా అదే.

*

విచిత్రం ఏమిటంటే, నమ్మి అప్పగించడం అనేది రోమ్‌కు కొత్త కాదు. రోమన్ చట్టంలో ఆడవాళ్లకు వారసత్వం మీద ఆంక్షలుండేవి. కూతురికి ఆస్తి ఇవ్వాలనుకున్న తండ్రి స్నేహితుణ్ని వారసుడిగా రాసి, 'నీ విశ్వాసానికి వదిలేస్తున్నా, నా బిడ్డకు ఇచ్చెయ్' అనేవాడు. చాలాకాలం దానికి చట్టబలం లేదు.

సిసెరో ఒక పుస్తకంలో ఇలాంటివి రెండు కథలు చెబుతాడు. ఒకడు తన ఆస్తి కూతురికి అప్పగించమని సెక్స్టిలియస్ అనే అతణ్ని అడిగినట్టు వీలునామాలో రాసి చనిపోయాడు. సెక్స్టిలియస్ పెద్దమనుషుల్ని పిలిచి, నన్నెవరూ అడగలేదు, పైగా ఆడపిల్లలకు ఆస్తి రాకూడదన్న చట్టాన్ని పాటిస్తానని ప్రమాణం చేసినవాణ్ని అన్నాడు. చట్టం ఇచ్చేదానికి మించి ఆమెకు ఇవ్వనక్కర్లేదని పెద్దమనుషులూ అన్నారు. ఆస్తి మొత్తం అతని దగ్గరే ఉండిపోయింది. రెండో కథలో పెడుకేయస్ అనే ఆయనకు ఒక స్నేహితుడు ఇలాగే ఆస్తి అప్పగించి పోయాడు. ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఈయనే వెళ్లి, మీ ఆయన నాకిలా చెప్పాడమ్మా అని ఆ భార్యకు ఇచ్చేశాడు.

తర్వాత అగస్టస్ చక్రవర్తి ఇలాంటి మాటల్ని అమలు చేయమని కాన్సుల్స్‌కు చెప్పాడు. అలా మాట కాస్తా హక్కయింది. కానీ 1804లో ఫ్రెంచివాళ్లు, ఒకరికిచ్చి అతని తర్వాత ఇంకొకరికి అందేలా కట్టేసే ఏర్పాట్లను నిషేధించారు. జమీందారీ కుటుంబాలు తరతరాలు భూమి చేజారకుండా వాడుకున్న ఉపాయం కూడా అదే మరి. కూతురి కోసం పుట్టిన తలుపులోంచి దొరలూ దూరారు. తలుపే మూసేశారు.

పూర్తిగా మూయలేకపోయారు కూడా. 1985లో హేగ్‌లో ఒక ఒప్పందం రాసుకున్నారు: నీ దేశంలో ట్రస్టు లేకపోయినా బయట పుట్టినదాన్ని గుర్తించు అని. ఇటలీ ఒప్పుకుంది, 2007లో స్విట్జర్లండ్ చేరింది. ఫ్రాన్సు సంతకం పెట్టి ఊరుకుంది. అదే 2007లో ఫ్రాన్సు 'ఫిడ్యూసీ' అని సొంతంగా ఒకటి చేసుకుంది. పుచ్చుకున్నవాడు దాన్ని తన సొంత ఆస్తితో కలపకుండా వేరే మూటగా ఉంచాలి. అంటే ఓబ్రీ, రో చెప్పిన ఒకే మూట సూత్రానికి అక్కడ గండి పడింది. కానీ ఉచితంగా ఇచ్చే ఉద్దేశం ఉంటే అది చెల్లదు. ధర్మకర్తగా బ్యాంకులు, బీమా సంస్థలు, వకీళ్లు లాంటివాళ్లే ఉండాలి. మా నాయన ఏ రకంగానూ పనికిరాడు.

నాకు బాగా నచ్చింది కెనడాలోని క్విబెక్ చెప్పిన జవాబు. అక్కడ 1994 నుంచి అమల్లో ఉన్న సివిల్ కోడ్ ప్రకారం ట్రస్టులో పెట్టిన ఆస్తి ఇచ్చినవాడిదీ కాదు, చూసుకునేవాడిదీ కాదు, పొందేవాడిదీ కాదు. అది ఒక పని కోసం కేటాయించిన ఆస్తి. దానికి యజమాని లేడు. ఇద్దరు యజమానులు అనలేక, అసలు యజమానే లేడన్నారు.

ఇది చదివి నవ్వుకున్నాను. మా వైపు దేవుడి మాన్యం తెలియనివాడు ఎవడు? దీపారాధనకు ఇంత, భజంత్రీలకు ఇంత అని పని చూసి విడిచిపెట్టిన నేల. పూజారి తింటాడు, కానీ ఆయనది కాదు. ఊరు కాపాడుతుంది, కానీ ఊరిది కాదు. 'దేవుడిది' అంటాం. 1921లో విద్యావారుధి తీర్థస్వామి కేసులో ప్రివీ కౌన్సిల్ కూడా ఇదే ఒప్పుకుంది: ఇంగ్లిషువాళ్ల అర్థంలో ట్రస్టు హిందూ వ్యవస్థకు తెలియదు, మఠాధిపతి ఆ అర్థంలో ధర్మకర్త కాడు అని. క్విబెక్ వాళ్లు యజమాని గడి ఖాళీగా వదిలారు, మనం అందులో దేవుణ్ని కూర్చోబెట్టాం.

తెలుగు నేల మీద ఫ్రెంచి సివిల్ కోడ్ నడిచిన ఊరు కూడా ఒకటుంది, గోదావరి ఒడ్డున యానాం. ఫ్రెంచి ఏలుబడిలో 1881 నాటి ఆజ్ఞతో, సొంత ఆచారాన్ని వదులుకుని ఆ కోడ్ కిందికి వెళ్లే వీలు అక్కడివాళ్లకు వచ్చింది. అత్త యానాంలో పుట్టి తాత ఆ కోడ్ కిందికి వెళ్లి ఉంటే, కొడుకుతో సమానంగా తండ్రి ఆస్తిలో ఎవరూ తీసేయలేని వాటా ఉండేది. తాత పందిట్లో మాట ఇవ్వాల్సిన పనే ఉండేది కాదు. ఇక్కడ 1985లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూతుళ్లకు పుట్టుకతో హక్కు ఇచ్చినప్పుడు అప్పటికే పెళ్లయినవాళ్లను పక్కన పెట్టింది. అత్త పెళ్లయి అప్పటికి ఏడేళ్లు.

*

ఇక మన చట్టం. మనది ఇంగ్లిషువాళ్లు రాసిన 1882 నాటి ట్రస్టుల చట్టం కాబట్టి, ఇద్దరు యజమానులు అని ఉంటుందనుకున్నాను. లేదు. మూడో సెక్షన్ ప్రకారం ట్రస్టు అంటే యాజమాన్యానికి అంటుకుని ఉన్న ఒక బాధ్యత. యజమాని ధర్మకర్తే. లబ్ధిదారుడికి ఉన్నది అతని మీద హక్కు. పారిస్ వకీలు కూడా తల ఊపే మాట ఇది. ఇంగ్లిషు ట్రస్టు మన దగ్గరికి వచ్చేసరికి సగం సివిల్ లా వేషం వేసుకుంది.

అయిదో సెక్షన్ దగ్గర నా గొంతు తడారింది. స్థిరాస్తి మీద ట్రస్టు చెల్లాలంటే రాతలో ఉండాలి, సంతకం ఉండాలి, రిజిస్టర్ కావాలి, లేదా వీలునామా ఉండాలి. దానం అనుకుందామన్నా రిజిస్టర్డ్ దస్తావేజు, ఇద్దరు సాక్షులు కావాలి. పందిట్లో ఉన్న నలుగురిలో ఇప్పుడు ఒక్కరూ లేరు. ఈ నియమం మోసానికి సాయపడేచోట వర్తించదని ఆ సెక్షన్ చివర ఒక వాక్యం ఉంది. అంటే అత్త గెలవాలంటే కోర్టులో నన్ను మోసగాడని నిరూపించాలి.

పాత పహాణీలో పట్టాదారుకు ఒక గడి, అనుభవదారుకు ఒక గడి ఉండేవి. పేరెవరిదో, పొలం మీద ఎవరున్నారో వేరు వేరుగా రాసేవాళ్లు. 2020 అక్టోబరు 29న మొదలైన ధరణిలో అనుభవదారు గడి లేకుండా పోయింది. కౌలు రైతులు లబోదిబోమన్నారు. మరోపక్క ఆ గడిని పట్టుకుని పొలాలు కాజేసిన కథలూ ఊళ్లో ఉన్నాయి. 2025 ఏప్రిల్‌లో ధరణి పోయి భూభారతి వచ్చింది. కానీ నిజం చెప్పాలంటే అత్త పేరు ఆ రెండు గళ్లలోనూ ఏనాడూ లేదు. పట్టా నాయనది, దున్నింది నాయనే. ఆమెది మూడో గడి. అది నాయన మనసులో ఉండేది. నాయనతో పాటు అది కూడా పోతుందా అన్నదే ఇప్పుడు ప్రశ్న.

*

మొన్న ఉగాదికి పోయినప్పుడు అత్తతో అన్నాను, "నీ రెండెకరాలు నీ పేరున రిజిస్టర్ చేస్తా, రా" అని.

"వద్దు," అంది.

పెద్ద బావకు విత్తనాల పత్తిలో అప్పులయ్యాయి. "నా పేరున వచ్చిందంటే పొద్దుగూకకముందే అమ్ముదామంటడు. వద్దంటే ఏడుస్తడు. నేను తట్టుకోలేను. నీ పేరుననే ఉండనీ. కౌలు ఇయ్యి. నేను పోయినాక నా మనవరాలికి ఇయ్యి."

ఏ ఇంగ్లిషు వకీలూ చెప్పకుండానే అత్త ట్రస్టు అడుగుతోంది. ప్రేమగా వచ్చి చేయి చాచే కొడుకు నుంచి తన పొలాన్ని కాపాడే పేరు కావాలి ఆమెకు. ఓబ్రీ, రో భయపడింది దీనికే కదా. అటు నాకూ ఇంటి లోన్ ఉంది. రేపు నేను కట్టలేకపోతే బ్యాంకు చూసేది నా పేరునున్న ఆరెకరాలూ. అందులో రెండు నావి కావంటే, కాగితం ఏదీ అంటారు. నేను చచ్చిపోతే నా కొడుకు సెక్స్టిలియస్ అవుతాడో పెడుకేయస్ అవుతాడో నాకేం తెలుసు? వాడికిప్పుడు ఆరేళ్లు.

ఇంటికొచ్చి అయిదో సెక్షన్ మళ్లీ చదివాను. ఈసారి మొదట కంటికి ఆనని ఒక మాట కనిపించింది. ఆ రాత మీద ట్రస్టు పెట్టినవాడి సంతకమైనా ఉండాలి, *లేదా ధర్మకర్తదైనా*. తాత లేడు, నాయన లేడు. కానీ పేరున్నవాడే, ఇది నాది కాదు అని రాసి రిజిస్టర్ చేస్తే చాలు. అలా రాస్తే నా అప్పులవాళ్లు కూడా దాన్ని తాకడం కష్టం. సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం జప్తుకు వచ్చేది నా లాభం కోసం నేను అమ్ముకోగలిగిన ఆస్తే.

రాయడం మొదలుపెట్టాను, తెలుగులోనే. అత్తకు బతికినంత కాలం కౌలు. ఆమె తర్వాత మనవరాలికి పద్దెనిమిది నిండాక పొలం. చెల్లి పక్కన కూర్చుని చదివింది. చదివి, చాలాసేపటికి అడిగింది:

"అన్నా, పోయిన సంతకం నాది కూడా ఉండె గద. మరి నాది యాడుంది?"

నేను ఏదో అనబోయాను. నిన్నెవరు అడగొద్దన్నారు, అంతా మనదే కదా, అని. ఆ మాటలు నోటిదాకా వచ్చాక గుర్తుపట్టాను. 1978లో తాత అన్నవీ, ఆ తర్వాత అందరూ అన్నవీ అవే మాటలు. అంతా మనదే, పేరు మాత్రం నాది. అత్త విషయంలో పెడుకేయస్ అవుదామని కూర్చున్నవాణ్ని, చెల్లి విషయంలో సంతకం పెట్టించుకుని మరిచిపోయాను. 2005లో పార్లమెంటు చేసిన సవరణతో ఆమెకు నాతో సమానంగా హక్కుంది. పందిట్లో మాట కాదు, హక్కు. దానికి నన్ను నమ్మాల్సిన పని లేదు. ఫ్రెంచివాళ్ల ఒక్క పేరు మొండితనంలోని మంచి నాకు ఆ క్షణాన పూర్తిగా అర్థమైంది. నమ్మకం గొప్పదే, కానీ అది ఎప్పుడూ ఆడపిల్లలే పెట్టాలి, మగవాడే మోయాలి అన్నప్పుడు అందులో ఏదో తేడా ఉంది.

ఇప్పుడు కాగితాలు రెండయ్యాయి. ఒకటి అత్త కోసం, నా పేరు ఉంచి నాది కాదని చెప్పేది. రెండోది చెల్లికి, నా పేరు తీసేసి ఆమె పేరు రాసేది. మిగిలిన నాలుగెకరాల్లో అమ్మది ఎంతో, చెల్లిది ఎంతో లెక్క కట్టాల్సి ఉంది. నావి ఎన్ని మిగులుతాయో తేలాక బ్యాంకువాళ్లకు చెప్పాలి.

అత్తకు ఫోన్‌లో చదివి వినిపించాను. విని నవ్వింది.

"మీ నాయన నలభై ఏండ్లు కాగితం లేకుండనే ఇచ్చె గదరా. నీ మీద నీకే నమ్మకం లేదా?"

"లేదత్తా," అన్నాను.

ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే రాయి," అంది. "మనవరాలి పేరు సరిగ్గ రాయి. ఆధార్‌లో తప్పు పడ్డది."